బోర్లపెట్టిన గ్లాసు

కమ్లీ మంచిది కాదు. ఈ విషయంలో హిమజకు ఇక అనుమానం లేదు.

మంచిదైతే కారణం చెప్పకుండా మాట్లాడటం మానేస్తుందా? ఆరో తరగతి మొదలైన రోజు నుంచి ఒకే బెంచీలో కూర్చున్న పిల్ల, ఒక సోమవారం పొద్దున బ్యాగు తీసుకుని కిటికీ పక్క బెంచీకి వెళ్లిపోతుందా? హిమజ ఆమెను తిట్టలేదు. కొట్టలేదు. ఆమె మీద చాడీలు చెప్పలేదు. తప్పంతా కమ్లీదే.

ఇప్పుడు సోషల్ పీరియడ్ నడుస్తోంది. కళావతి టీచర్ సమానత్వం పాఠంలో ఒక ప్రశ్న అడిగారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. హిమజ ఎత్తింది.

లేచి నిలబడి గడగడ చెప్పింది. "మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో దేన్నిబట్టీ ఎవరినీ వేరుగా చూడకూడదు టీచర్. చూస్తే అది వివక్ష. మన రాజ్యాంగం దాన్ని ఒప్పుకోదు."

"ఒక్క ముక్క పోకుండా చెప్పినవు. కూర్చో," అన్నారు టీచర్.

అప్పుడు కమ్లీ వెనక్కి తిరిగి చూసింది. చాలా రోజుల తరవాత చూసింది. హిమజ నవ్వింది. కమ్లీ నవ్వలేదు. కాసేపు అలాగే చూసి, ముందుకు తిరిగిపోయింది.

పక్కనున్న భావన మోచేత్తో పొడిచింది.

"నీ దోస్తు నిన్ను తినేటట్టు సూసింది."

"నాకు దోస్తు కాదు," అంది హిమజ.

అది అబద్ధం. హిమజకు ఉన్నది ఆ ఒక్క దోస్తే.

పోయిన వానాకాలంలో హిమజ వాళ్ల అమ్మ సంధ్య జబ్బు చేసి చనిపోయింది. వరంగల్ దవాఖానకు నడిచి వెళ్లిన మనిషి ఇంటికి నడిచి రాలేదు. హిమజ మళ్లీ స్కూలుకు వచ్చిన రోజు అందరూ ఆమెనే చూశారు. ఏమైంది, ఎట్లా అయింది అని అడిగారు. కొందరు పక్కకు పోయి గుసగుసలాడారు. కమ్లీ ఒక్కతే ఏమీ అడగలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, జొన్నరొట్టె సగం తుంచి హిమజ మూత మీద పెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం ఇద్దరూ కలిసే తిన్నారు.

ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. నాన్న శ్రీనివాస్‌కు మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి వ్యాపారం. ఊళ్లో వాళ్లకు అది మానుకోట. అమ్మ పోయాక ఆయన మాటలు తగ్గించేశాడు. అన్నం పెట్టమంటాడు, తలుపు వెయ్యమంటాడు. అంతకు మించి ఉండదు. ఆయన తల్లి, బాపమ్మ రాజమణి, టీవీ చూస్తూ చూస్తూ కుర్చీలోనే కునుకు తీస్తుంది. స్టేషన్లో ఏ రైలు వచ్చి ఆగిందో, ఏది ఆగకుండా పోయిందో ఇంట్లోంచే తెలుస్తుంది. అంత నిశ్శబ్దం. హిమజ బడి ముచ్చట్లన్నీ కమ్లీకే చెప్పేది. బడిలో జరిగినవి ఇద్దరూ చూసినవే అయినా మళ్లీ చెప్పేది. ఇప్పుడు అవన్నీ ఆమె కడుపులోనే ఉండిపోతున్నాయి.

ఆ సోమవారానికి ముందు శనివారం ఏం జరిగిందో హిమజ చాలాసార్లు గుర్తు చేసుకుంది.

సైన్స్ డే కోసం జీర్ణవ్యవస్థ మోడల్ చేయాలి. ఒంటిపూట బడి అయ్యాక భావన, కమ్లీ ఇద్దరూ హిమజ ఇంటికి వచ్చారు. వరండాలో థర్మాకోల్ పరిచారు. పేగుల కోసం పాత నీళ్ల పైపు ముక్క తెచ్చారు. అది ఎంత చుట్టినా లేచి నిలబడింది. ఇది పేగు కాదు, పామని భావన అరిచింది. కమ్లీ పడీపడీ నవ్వింది. కమ్లీ గీసిన కాలేయం ఆలుగడ్డలా ఉందని హిమజ అంది. దానికి కూడా నవ్వింది.

ఎండకు దప్పికైంది. హిమజ లోపలికి వెళ్లి రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. భావన తాగి గ్లాసు చేతికిచ్చింది. హిమజ అందుకుంది. కమ్లీ కూడా తాగింది. హిమజ నల్లా వైపు చూపించి, "కడిగి బోర్లపెట్టు," అంది.

ఆ ఇంట్లో అది రోజూ వినిపించే మాటే. వాకిట్లో నల్లా ఉంది. నల్లా పక్కన పొట్టి గోడ ఉంది. మార్కెట్ నుంచి వచ్చిన హమాలీలు నీళ్లు తాగి, గ్లాసు తామే కడిగి ఆ గోడ మీద బోర్లపెడతారు. ఆ గ్లాసు లోపలికి రాదు. హిమజ పుట్టినప్పటి నుంచి చూస్తున్నది అదే. అందుకే ఆమెకు అందులో ఏమీ కనిపించలేదు.

కమ్లీ గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తరవాత వెళ్లి కడిగింది. గోడ మీద బోర్లపెట్టింది. వచ్చి ఆలుగడ్డ లాంటి కాలేయాన్ని గమ్ముతో అతికించింది. వాళ్ల నాన్న బండి మీద వచ్చి హారన్ కొడితే, పోతున్నానని కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

సోమవారం బెంచీ మారింది.

హిమజ ఎంత వెతికినా ఆ రోజులో తన తప్పు కాలేయం దగ్గరే కనిపించింది. ఒకరోజు కిటికీ దగ్గరికి వెళ్లి, నీ కాలేయం బాగానే ఉందిలే అని చెప్పింది కూడా. కమ్లీ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఇంకేం చేయాలి? అందుకే తేల్చేసుకుంది. కమ్లీ మంచిది కాదు.

సమానత్వం పాఠం జరిగిన వారం చివర, ఆదివారం నాడు శ్రీనివాస్ రాళ్లకుంట తండాకు బయలుదేరాడు. అక్కడి కల్లాల్లో మిర్చి ఎండబెట్టారు. కొనే ముందు చూసి రావాలి. రాళ్లకుంట తండా పేరు వినగానే హిమజ లేచింది. అది కమ్లీ వాళ్ల తండా. అక్కడికే వెళ్లి మొహం మీదే అడగాలి, నేనేం చేశానని.

తానూ వస్తానంది. ఎండ ఉంది వద్దన్నాడు నాన్న. అయినా వస్తానంది. ఆయన బండి స్టార్ట్ చేసి, ఎక్కమన్నట్టు తల ఊపాడు.

తండా చివర కల్లం ఎర్రగా పరుచుకుని ఉంది. కళ్లు మండాయి. కమ్లీ వాళ్ల నాన్న ఎదురొచ్చాడు. కమ్లీ మిరపకాయల మధ్య నిలబడి కాలితో వాటిని తిరగేస్తోంది. హిమజను చూసింది. కాలు ఆపలేదు. ఐదేళ్లు కూడా లేని వాళ్ల తమ్ముడు దస్రు యాడీ, యాడీ అంటూ వాళ్లమ్మ కొంగు పట్టుకుని తిరుగుతున్నాడు.

వాళ్లమ్మ గంగి రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. ఒకటి శ్రీనివాస్‌కు ఇవ్వబోయింది.

"వద్దమ్మా. బండికి బాటిల్ ఉన్నది," అన్నాడాయన.

ఆ మాట ముందే తెలిసినట్టు గంగి చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండో గ్లాసు హిమజకు ఇచ్చింది. కుండ నీళ్లు. చల్లగా ఉన్నాయి. హిమజ గటగట తాగేసింది.

దస్రు కొంగు వదిలేసి ఇంటి వెనక్కి పరుగెత్తాడు. చెంబు నిండా నీళ్లతో తిరిగి వచ్చాడు. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. హిమజ ముందు నిలబడి చెంబు పైకెత్తాడు.

"ఇగో అక్కా. కడిగి బోర్లపెట్టు."

కమ్లీ వాళ్ల భాషలో గట్టిగా ఏదో అంది. తనను ఎందుకు తిడుతోందో తెలియక దస్రు ఏడుపు మొహం పెట్టి, అక్కకు తెలుగులోనే జవాబిచ్చాడు.

"నువ్వే చెప్పినవు గద. మానుకోటల తాగినోళ్లే కడిగి బోర్లపెట్టాలె అని. గీ అక్కది మానుకోటనే గద."

కమ్లీ వాళ్ల నాన్న నేల చూశాడు. శ్రీనివాస్ గింజలు చూద్దామని ఒక మిరపకాయ విరిచాడు. అది ఆయన వేళ్లలో అలాగే ఉండిపోయింది.

గంగి ముందుకొచ్చి హిమజ చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"చిన్నోడు, ఏం ఎర్క లేదు. ఇటియ్యి బిడ్డా," అంది.

తాగిన గ్లాసే. తడి మూతి గుర్తు కూడా ఉంది. చేతిలోంచే తీసుకుని లోపలికి వెళ్లింది. హిమజ చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది. కమ్లీ తల ఎత్తకుండా మిరపకాయలు తిరగేస్తూనే ఉంది. ఇక ఆమెను అడగాల్సిందేమీ లేదు.

తిరిగి వస్తుంటే బండి మీద వెనకనుంచి హిమజ అంది, "బాపూ, భావన గ్లాసు నేను చేత్తోనే తీసుకున్న. కమ్లీని కడుగుమన్న. ఎందుకన్న?"

ఆయన పలకలేదు. గాలికి వినపడలేదేమో అనుకుని ఆమె మళ్లీ గట్టిగా అడిగింది.

"ఇనవడ్డది," అన్నాడు శ్రీనివాస్. బండి వేగం పెంచాడు.

ఇంట్లో బాపమ్మను అడిగింది. అది పద్ధతి అంది బాపమ్మ. ఎవరి పద్ధతి అని అడిగింది హిమజ.

"మనదే. ఇంకెవరిది? హమాలోళ్లు, కూలోళ్లు, తండోళ్లు, ఎవరి గ్లాసు వాళ్లే కడగాలె. మీ అమ్మ గూడ గట్లనే జేసేది. ఒక్కనాడు నాతోని చెప్పిచ్చుకోలే."

హిమజ తన గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంది.

అమ్మ మొహం ఫొటోల్లో ఉంది. గొంతు ఎక్కడా లేదు. అది కొద్దికొద్దిగా చెరిగిపోతోందని హిమజకు తెలుసు. అమ్మ తనను ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకోవాలంటే ఇప్పుడు కష్టపడాలి. కానీ ఒక్క మాట మాత్రం కష్టపడకుండానే వినిపిస్తుంది. వంటింటి గుమ్మంలో నిలబడి, నీళ్లు తాగిన హమాలీతో మెత్తగా, నవ్వుతున్నట్టే అనే మాట. "యాకయ్యా, కడిగి బోర్లపెట్టు."

ఆ మాట తనకు ఎక్కడి నుంచి వచ్చిందో హిమజకు అప్పుడు తెలిసింది. దాన్ని తప్పు అనుకుంటే అమ్మనూ అనుకోవాలి. తప్పు కాదనుకుంటే కమ్లీ గ్లాసు పట్టుకుని నిలబడిన తీరు గుర్తొస్తోంది. ఎటూ తేలలేదు. అడగడానికి అమ్మ లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం కమ్లీ మెట్ల మీద ఒక్కతే కూర్చుని డబ్బా తెరుస్తోంది. హిమజ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"గ్లాసు ముచ్చట. తప్పు నాదే."

కమ్లీ రొట్టె తుంచింది. "పాఠం చెప్పంగ ఇన్న. మంచిగ చెప్పినవు," అంది.

అంతకంటే తిడితే బాగుండేది.

"నాకు తెల్వక అన్న."

"ఎర్కనే. తెలిసి అంటే గప్పుడే గ్లాసుతోని కొడుతుంటి."

"మల్ల మాట్లాడుతవా?"

"మాట్లాడుత."

"మా ఇంటికొస్తవా?"

"రాను."

"ఎప్పటికీ రావా?"

"మా యాడికి చెప్పిన. పోవద్దన్నది. యాడి పొమ్మన్నా నేను రాను."

కోపంగా అనలేదు. రేపు సెలవు అన్నట్టుగా అంది. హిమజ కింది మెట్టు మీద కూర్చుని తన డబ్బా తెరిచింది. ఇద్దరూ తిన్నారు. కమ్లీ రొట్టె తుంచి ఇవ్వలేదు. హిమజ అడగలేదు. గంట కొట్టాక కమ్లీ కిటికీ పక్క బెంచీకే వెళ్లింది.

ఆ సాయంత్రం హమాలీ యాకయ్య దుకాణం నుంచి బియ్యం బస్తా తెచ్చాడు. ఆయన తల పూర్తిగా నెరిసింది. శ్రీనివాస్ కంటే చాలా పెద్దవాడు. ఆ ఇంట్లో మాత్రం చిన్నా పెద్దా అందరికీ ఆయన యాకయ్యే. హిమజకు కూడా.

బస్తా దింపి, తుండుతో మొహం తుడుచుకుని, నీళ్లు అడిగాడు. హిమజ తెచ్చి ఇచ్చింది. తాగి ఆయన నల్లా వైపు తిరిగాడు. హిమజ అడ్డంగా వచ్చి నిలబడి చెయ్యి చాపింది.

"తాతా, గ్లాసు ఇటియ్యి."

యాకయ్య ఆ పిలుపుకే ఆగిపోయాడు. తరవాత చాపిన చెయ్యి చూశాడు. లోపల బాపమ్మ కుర్చీ వైపు చూశాడు.

"వద్దమ్మా. పెద్దమ్మ సూస్తే నన్నంటది," అన్నాడు మెల్లగా.

హిమజ అది ముందు ఆలోచించలేదు. తాను చేసే పనికి మాటలు పడేది ఆయనే. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నేనే బలవంతంగ తీసుకున్న అని చెప్త," అంది.

యాకయ్య ఇంకాసేపు చూసి గ్లాసు ఇచ్చాడు. హిమజ దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లింది. బాపమ్మ చాయ్ గ్లాసుతో పాటు సింకులో కడిగింది. అరలో మిగతా గ్లాసుల మధ్య పెట్టింది.

బాపమ్మ చూడనే చూసింది. ఆ గ్లాసు తీసి బయట పెట్టమంది.

"ఏ గ్లాసు బాపమ్మా?"

"యాకయ్య తాగింది."

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్. నాకైతే ఎర్క పడ్తలేదు."

బాపమ్మ ఒక గ్లాసు ఎత్తి చూసింది. ఇంకోటి ఎత్తి చూసింది. వాసన కూడా చూసింది. ఆమెకూ తెలియలేదు. చివరికి అరలోని గ్లాసులన్నీ ఊడ్చి సింకులో పడేసింది. ఆ చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. యాకయ్య అక్కడే ఉన్నాడు. తుండు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కాస్త తొందరగానే నడిచాడు.

హిమజ సింకు దగ్గరే నిలబడింది.

"మీ అమ్మ ఉంటే గిట్ల జెయ్యనిస్తుండెనా?" అంది బాపమ్మ.

హిమజకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

అప్పుడే శ్రీనివాస్ వచ్చాడు. చెప్పులు విప్పకముందే బాపమ్మ జరిగిందంతా చెప్పింది. పోయిన కోడలు పేరు రెండుసార్లు ఎత్తింది. సంధ్య ఎంత పద్ధతిగల మనిషో చెప్పింది. ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు.

హిమజ తడి చేతులతోనే తిరిగింది. ఇది అడగడానికి ఈ ఇంట్లో మిగిలింది ఆయనొక్కడే.

"బాపూ. అమ్మ గట్ల అనుడు తప్పేనా?"

"సచ్చిపోయిన మనిషిని పట్టుకొని గదేం మాట," అంది బాపమ్మ.

స్టేషన్లో ఆగకుండా పోయే రైలు ఒకటి పోయింది. అది పూర్తిగా పోయేదాకా ఆగి శ్రీనివాస్ అన్నాడు, "తప్పే."

బాపమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది.

"నాది గూడ తప్పే. ఆమె పోయింది, ఇంక దిద్దుకోలేదు. నేనెప్పుడు దిద్దుకుంటనో నాకే ఎర్క లేదు," అన్నాడు. "నువ్వు జేసింది జెయ్యి. ఎవలన్న ఏమన్నంటే నాకు చెప్పు. కని మీ అమ్మ తప్పు ముచ్చట నన్ను మల్ల అడగకు. గియ్యాలనే ఆఖరు. నేను మాట్లాడ."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. హిమజ మిగతా గ్లాసులు కడిగి అన్నింటినీ అరలో పెట్టింది.

మరునాడు యాకయ్య మళ్లీ వచ్చాడు. తాగిన గ్లాసు హిమజే అందుకుంది. ఆ తరవాత వచ్చిన కూలీ ఆమె గ్లాసు కూడా అందుకుంది. ఆ సంగతి కమ్లీకి చెప్పలేదు. చెప్పినా కమ్లీ రాదని ఆమెకు తెలుసు.

బాపమ్మ మాత్రం కొడుకు దగ్గర కోడలి తప్పు సంగతి ఒకటి రెండుసార్లు కదిపి చూసింది. శ్రీనివాస్ అన్నం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని, బయటికి వెళ్లిపోయాడు. ఆయన ఆ ముచ్చట మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు.